వాసన లేని శుభ్రం

ఆ విశ్వవిద్యాలయంలో హాస్టళ్లు ఊడ్చి కడిగే ఆడవాళ్లకు పెద్దను అందరూ ముక్కక్క అంటారు. ముక్కు పెద్దదని కాదు. కడిగిన బాత్రూమును ఆమె కళ్లతో చూడదు. గుమ్మంలో నిలబడి, కళ్లు మూసుకుని, గట్టిగా ఒకసారి గాలి పీలుస్తుంది. ఘాటు తగిలితే సరే, లేకపోతే చీపురు మళ్లీ తడవాల్సిందే. ఆమె కింద పనిచేసే పదకొండు మందీ ఈ పరీక్షకు జడుస్తారు, చాటుగా నవ్వుకుంటారు కూడా. అక్కకు పడిశం పట్టిన రోజే మనకు సెలవు అన్నది వాళ్ల పాత జోకు.

ఆ ముక్కుకు చదువు చెప్పింది ఒక ఆసుపత్రి. పెళ్లైన కొత్తలో ఆమె కాన్పుల వార్డులో ఆయాగా చేరింది. అక్కడి పెద్ద నర్సు లెక్కలో శుభ్రమంటే మంట. అడుగు పెట్టగానే ముక్కుపుటాలు మండాలి, కళ్లు చెమర్చాలి. అప్పుడే పురుగు చచ్చినట్టు, బాలింత బతికినట్టు. ఈ పాఠం ఆమెకు ఎముకల్లో ఇంకిపోయింది, ఈ క్యాంపస్‌కు పనికొచ్చాక కూడా పోలేదు. భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు ఏ రోడ్డు మీద ఉంటాడో అతనికే తెలియదు. ఇంట్లో మిగిలింది బడికెళ్లే మరిది. వాడి వెంటబడి బడికి తరిమిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకు తిరిగిందీ, చివరికి వాడి చేత ఐటీఐ చదువు చదివించి ఇదే క్యాంపస్‌లో ఉద్యోగంలో పెట్టించిందీ ఆమే. మరిది పనిచేసేది క్యాంపస్ కొసన ఉన్న మురుగునీటి ప్లాంటులో. "నేను కడిగిందంతా నీ దగ్గరికే వస్తుంది, జాగ్రత్తగా చూసుకో" అని మొదటి రోజే వేళాకోళమాడింది. ఆ మాటలో ఎంత నిజముందో అప్పుడు ఆమె ఆలోచించలేదు. మరిదీ ఆలోచించలేదు.

తర్వాత క్యాంపస్ పచ్చబడింది. అంటే బోర్డులు పచ్చబడ్డాయి. డాబాల మీద సోలారు పలకలు వచ్చాయి, సైకిళ్లు వచ్చాయి, ప్లాంటులో బాగుపడిన నీళ్లే తోటలకూ ఫ్లష్ ట్యాంకులకూ రావడం మొదలైంది. అన్నీ మంచివే. మంచివి కాబట్టే వాటి గురించి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు, చిక్కంతా అక్కడే. ఒకరోజు హాస్టళ్ల స్టోర్లలోంచి హైపో పోయింది. హైపో అంటే ఆసుపత్రుల్లో వాడే ఘాటైన బ్లీచింగు ద్రావణం, ముక్కక్కకు ప్రాణసమానం. దాని బదులు పచ్చ సీసాలు వచ్చాయి. ఆకుల నుంచి తీసిన ద్రావణమట. వాసన లేదు. మంట లేదు. సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఆమె చాలాసేపు అలాగే ఉండిపోయింది.

ఎందుకు మార్చారో చెప్పడానికి మీటింగు పెట్టారు. తెర మీద బొమ్మలు వేశారు. పర్యావరణం అన్న మాట చాలాసార్లు వినబడింది. వెనక వరసలో కూర్చున్న ముక్కక్కకు అర్థమైంది ఒక్కటే: హైపో చెట్లకు పడదు. చెట్ల మొదట్లో పోయకూడదు. మురుగుకూ దీనికీ సంబంధముందని తెర మీద ఎక్కడో ఉండే ఉంటుంది, కానీ టీ కప్పులు వచ్చిన సమయంలో ఉండి ఉంటుంది.

పచ్చ సీసా వచ్చిన వారానికే ఫిర్యాదులు మొదలయ్యాయి. హాస్టలు పిల్లలు ఫోనులో ఒక నొక్కు నొక్కి 'కడగలేదు' అని పెడతారు. పాపం, వాళ్ల ముక్కులకూ ఘాటే శుభ్రం. ఫిర్యాదు వస్తే కాంట్రాక్టరు ఆ మనిషి పేరు మీద గీత పెడతాడు. గీతలు ఎక్కువైతే ఇంటికే. అలా ఒకామె వెళ్లిపోయి, ఆ చోట కొత్తామె చేరింది కూడా. నిజానికి వెళ్లిపోయినామె కడిగినంత నున్నగా ఎవరూ కడగరు. ఆ మర్నాడు ముక్కక్క మెట్ల కిందున్న గదుల్లో తను ముందే దాచిన పాత హైపో డబ్బాలు బయటికి తీసింది. బకెట్టుకో మూతెడు. ఎక్కువ కాదు, గుమ్మంలోకి వచ్చేంత వాసనకు సరిపడా. ఫిర్యాదులు ఆగిపోయాయి. పచ్చ సీసాతో విద్యార్థులు ఎంతో సంతృప్తిగా ఉన్నారని హాస్టలు గోడ మీద పెద్ద బోర్డు వెలిసింది. దాన్ని కూడా రోజూ ఆమె మనుషులే తుడిచేవాళ్లు.

అంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు. తనిఖీకి వచ్చేవాళ్లు స్టోర్లు, మెట్ల కింది గదులు అన్నీ తెరిచి చూస్తారని, ఫొటోలు తీస్తారని కబురొచ్చిన రోజున ఆమె తన మనుషుల్ని పోగుచేసింది. నిషేధించిన మందు దొరికితే గీతలతో పోదు, మొత్తం పన్నెండు మందీ గేటు బయటే. హాస్టలు వెనక ఖాళీ స్థలంలో పారబోద్దామని ఒకామె అంది. ముక్కక్క ఒంటి కాలి మీద లేచింది. "చెట్లున్నాయి అక్కడ. బుద్ధుందా? డ్రెయినేజీలో పొయ్యండి. రోజుకో హాస్టలు. అన్నీ ఒక్కసారే పోస్తే వాసన పట్టేస్తారు."

చెట్లను కాపాడానన్న తృప్తితో ఆమె ఆ రోజు నిద్రపోయింది.

పోయడం మొదలైన కొద్ది రోజులకే మరిది ఇంటికి రావడం మానేశాడు, రెండు రోజులైంది. పని ఎక్కువగా ఉందని ఫోనులో ఒక ముక్క చెప్పి పెట్టేశాడు. మూడో పొద్దున అన్నం డబ్బా పట్టుకుని ఆమే ప్లాంటుకు బయల్దేరింది. లైబ్రరీ దాటి, ఆటల మైదానం దాటి, గోడ మలుపు తిరిగేసరికి కుళ్లు వాసన మొహాన కొట్టింది. మురుగు ప్లాంటు కంపు కొట్టడంలో వింతేముంది అని ఎవరైనా అనుకోవచ్చు. ఆమె అనుకోలేదు. మరిది ప్లాంటు ఎప్పుడూ కంపు కొట్టదు. తడిసిన మట్టి వాసన వస్తుంది. పని బాగా సాగుతోందనడానికి అదే గుర్తని వాడు ఎన్నోసార్లు చెప్పాడు.

గాలి తొట్టి దగ్గరికి వెళ్లి తొంగి చూసింది. ఎప్పుడూ చిక్కటి కాఫీ రంగులో కుతకుతలాడే నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. పైన తెల్లటి నురగ, చాకిరేవులో లాగా. ఆ తొట్టిలో కంటికి కనబడని పురుగులు కోటానుకోట్లు ఉంటాయని, మురుగును తిని నీళ్లను బాగుచేసేవి అవేనని, కింది నుంచి గాలి ఊదేది వాటి ఊపిరి కోసమేనని మరిది అంటుంటాడు. నా పిల్లలు అంటాడు వాటిని. పెళ్లి చేసుకోరా అంటే, ఇంతమందిని పోషిస్తున్నా, ఇంకా ఎందుకొదినా అంటాడు.

ఇప్పుడు వాడు తొట్టి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది, కళ్లు లోపలికి పోయాయి. ఆమెను చూసి లేవలేదు.

"చచ్చిపోయాయొదినా" అన్నాడు. "అన్నీ."

గట్టుకు అవతల ఇంజినీరమ్మ ఉంది. క్యాంపస్ నీళ్లూ మురుగూ చూసే మనిషి, వయసులో చిన్నది, పనిలో మొండిది. చేతిలో పరీక్ష పట్టీలు, మోకాళ్ల దాకా బూట్లు. ముందు రోజు నుంచీ ఆమె కూడా ఇక్కడే ఉందని గుడ్డలే చెబుతున్నాయి. సెలవు రోజున బెల్టు మార్చడానికి మరిది తొట్టిలోకి గాలి ఊదే బ్లోయరు ఒకటి కాసేపు ఆపాడు. పై ఆఫీసు దాన్నే పట్టుకుంది: గాలి ఆగింది, పురుగులు చచ్చాయి, తప్పు ఆపరేటరుది. అతన్ని పర్మనెంటు చేసే ఆర్డరు సంతకానికి సిద్ధంగా ఉంది. సాయంత్రంలోగా కారణం రాసివ్వమని ఇంజినీరమ్మను అడిగారు. ఆమె రాసే దాన్ని బట్టి ఆ సంతకం పడుతుంది, లేదా మనిషే బయటికి పోతాడు.

"కాసేపు ఆపితే ఇంత జరగదు, నాకూ తెలుసు" అంది ఇంజినీరమ్మ, వదినగారి మొహంలోని ప్రశ్న చదివినట్టు. "ఎవరో ఏదో పోసుండాలి. కానీ తొట్టిలో క్లోరిన్ జాడ లేదు. యాసిడ్ లేదు. చేతిలో ఏదీ లేకుండా ఏమని రాయను?"

ఇంజినీరమ్మ ఫోను మోగి అటు తిరిగింది. ముక్కక్క మరిది పక్కన కూర్చుని చిన్నగా అడిగింది, క్లోరిన్ అంటే ఏంటని.

"హైపోలో ఉండేది. ఎందుకూ?"

ఆమె అన్నం డబ్బా గట్టు మీదే వదిలేసి లేచింది. పక్కకు వెళ్లి, తన మనుషుల్లో అందరూ పొడుగామె అనే ఆమెకు ఫోను చేసింది. ఆ రోజు వంతు పాత హాస్టలుది. పొయ్యకండి, ఆపండి, డబ్బాలు అలాగే ఉంచండి అంది.

"పొద్దున్నే పోసేశాం కదక్కా" పొడుగామె గొంతులో గర్వం. "మిగిలిందంతా. దాంతోనే పని అయిపోయింది. డబ్బాలు కూడా కడిగి బోర్లించాం. చుక్క లేదు, నువ్వొచ్చి వాసన చూసుకో."

అదే సమయానికి ప్లాంటు గేటు దగ్గర హారను మోగింది. ట్యాంకరు. పట్నం పెద్ద ప్లాంటు నుంచి బతికున్న బురద, అంటే కొత్త పురుగులు. ఇంజినీరమ్మ ఎవరెవరి కాళ్లో పట్టుకుని తెప్పించింది. వాళ్లు ఇచ్చేది ఈ ఒక్కసారే. తమ తొట్టి పల్చబడుతుందని ఇదివరకే గొణిగారు. ఇది గనక చస్తే ప్లాంటు మళ్లీ లేచేది ఎప్పుడో. పరీక్షల రోజులు, హాస్టళ్ల నిండా పిల్లలు, ఫ్లష్‌లో నీళ్లు రావు. తోటల సంగతి అటుంచి మురుగు రోడ్డెక్కుతుంది.

కొత్త పురుగుల్ని పోసేది గాలి తొట్టిలో. కానీ హాస్టళ్ల నుంచి వచ్చే మురుగు ముందు పక్కనున్న సంపులో పడి, మట్టం పెరగగానే పంపు దానంతటదే తిరిగి గాలి తొట్టిలోకి తోస్తుంది. పొద్దున పోసిన హైపో ఇప్పుడు ఎక్కడుంది? ఆమెకు లెక్కలు రావు, గొట్టాల దారి తెలుసు. పాత హాస్టలు నుంచి ఇక్కడికి నీళ్లు ఈపాటికి వచ్చే ఉంటాయి. సంపులోనే ఉంది.

ట్యాంకరు డ్రైవరు లావుపాటి గొట్టం విప్పుతున్నాడు.

ఆమె మరిది చెయ్యి పట్టుకుని బ్లోయర్ల గది వెనక్కి లాక్కెళ్లింది. ఆ రొదలో అరిస్తే గాని వినబడదు. అరవాల్సిన మాటా కాదు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేసింది. డబ్బాలు, మెట్ల కింది గదులు, రోజుకో హాస్టలు, పొద్దున మిగిలిందంతా.

వాడు ఆమె మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి ఇంటికొచ్చినప్పుడు కూడా వాడు అలా చూడలేదు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"ఎవరెవరికి తెలుసు?"

"మా ఆడవాళ్లకి. నీకు."

"నువ్వు నోరెత్తకు. నీ వెనకాల పదకొండు మంది ఉన్నారు. నా వెనకాల ఎవరున్నారు, చచ్చిన పురుగులు తప్ప?"

అడ్డుపడే లోపే వాడు గది దాటి పరిగెత్తాడు. పంపు స్విచ్చి ఆపాడు. ట్యాంకరు గొట్టం మీద చెయ్యి వేసి ఆపమన్నాడు. ఇంజినీరమ్మ ఫోను వదిలేసి వచ్చింది. సంపులో చూడండి మేడమ్, సంపులో క్లోరిన్ ఉంది అన్నాడు మరిది. ఆమె వంగి పట్టీ ముంచింది. తెల్ల పట్టీ చూస్తుండగానే ముదురు ఊదా రంగుకు తిరిగింది. ఆమె మొహం పాలిపోయింది. నిన్నటి నుంచీ తొట్టిలో వెతికాను, అక్కడ అది పురుగుల్ని చంపి తనూ ఖర్చైపోతుంది, సంపులో చూడనే లేదు అని తనలో తను అనుకుంది.

"మీకెలా తెలుసు?"

"నేనే పోశాను మేడమ్." మరిది చెవి పట్టుకున్నాడు. "బాగుపడిన నీళ్లకు చివర్లో కలిపే క్లోరిన్ మందు ఉంటుంది కదా, అది పొరపాటున ఇందులో వంపేశాను. చెప్పడానికి భయమేసింది."

"పొరపాటున? పురుగులు చచ్చిన రోజూ, మళ్లీ ఇవాళా?"

ఇంజినీరమ్మ వాడివైపే చూస్తోంది. ఆ చూపులో కోపం కంటే విసుగు ఎక్కువ. రెండు రోజులుగా పక్కన నిలబడి పనిచేసిన మనిషి ఇలా చేశాడా అన్న విసుగు. "ఇలా చెబితే నేను ఏమని రాయాల్సి వస్తుందో తెలుసా మీకు?" అంది. తెలుసన్నట్టు తలూపాడు.

ముక్కక్క బ్లోయర్ల గది మూల దగ్గరే నిలబడిపోయింది. పంపు ఆగింది. ట్యాంకరు ఆగింది. ప్లాంటుకు ఇక భయం లేదు. ఆమె వెనక్కి తిరిగి నడిచి వెళ్లిపోతే ఏమవుతుంది? ఆమె మనుషులు బతుకుతారు. పొడుగామెకు ఇద్దరు ఆడపిల్లలు. ఇంకొకామె మొగుడు మంచంలో ఉన్నాడు. కొత్తగా చేరిన ఆమెకు వేరే ఎక్కడా పని దొరకలేదు. త్రాసులో ఇటు పక్క పదకొండు మంది, అటు పక్క ఒక్కడు. ఎవరిని అడిగినా తూకం ఎటు మొగ్గుతుందో చెప్పేస్తారు. అందరి మేలు కోసం ఒకడిని వదులుకోవాలని చెప్పేవాళ్లకు ఆ ఒకడు సాధారణంగా తమ ఇంటివాడు కాడు.

ఆమె కదిలింది. గట్టు మీద తడికి చెప్పు జారింది, పట్టుకోవడానికి ఏమీ లేక చేతులు గాల్లో ఆడించి నిలదొక్కుకుంది.

"వాడు అబద్ధం చెప్తున్నాడు మేడమ్. వాడికి అబద్ధం చెప్పడం రాదు. చిన్నప్పుడూ అంతే, చెప్పేముందు చెవి పట్టుకుంటాడు."

"వదినా" అన్నాడు మరిది, బతిమాలుతూ.

"నువ్వుండు. పోసింది మేం. పొయ్యమన్నది నేను. మా వాళ్లకు ఇది ఇక్కడికొస్తుందని తెలీదు, తెలిస్తే పోసేవాళ్లు కాదు. నాకూ తెలీదు. తెలీదని వదిలెయ్యమనట్లేదు. పురుగులు చచ్చాయి కదా, మరి. కానీ వాడి పేరు రాయకండి."

ట్యాంకరు డ్రైవరు గొట్టం కింద పడేసి బీడీ వెలిగించుకున్నాడు. ఇది తేలే వ్యవహారం కాదని అతనికి అర్థమైనట్టుంది.

ఇంజినీరమ్మ ముందు అడిగింది కారణం కాదు, ఎంత పోశారని. ఎన్ని హాస్టళ్లు, ఏ రోజు ఏది, ఇంకెక్కడైనా మిగిలిందా అని. అడుగుతూనే కెమిస్ట్రీ విభాగానికి ఫోను చేసింది. క్లోరిన్‌ను విరిచే ఉప్పు ఎంతుంటే అంతా పంపమంది. పంపు మాత్రం తిప్పడానికి వీల్లేదు. ఉప్పు వచ్చేలోగా సంపు నిండితే మురుగు వెనక్కి తన్ని పాత హాస్టలు మ్యాన్‌హోల్లోంచి పైకొస్తుంది. మరిది గట్టు మీద బోర్లా పడుకుని మట్టం చూస్తూ ఉన్నాడు. నీళ్లు ఇటుక ఇటుకా ఎక్కుతున్నాయి. ముక్కక్క మళ్లీ పొడుగామెకు ఫోను చేసింది. హాస్టళ్లలో ఎవరూ కుళాయి తిప్పకుండా చూడమని, ఎందుకని అడిగిన ప్రతి పిల్లాడికీ ఏదో ఒకటి చెప్పమని. ఏం చెప్పను అక్కా అంటే, నోరుందిగా నీకు, ఇన్నాళ్లూ నా మీద జోకులెయ్యడానికి పనికొచ్చింది, ఇవాళ దీనికి వాడు అంది. అవతలి మనిషి నవ్వలేదు.

ఉప్పు వచ్చేసరికి సంపు అంచుకు జానెడు తక్కువుంది. ముగ్గురూ బస్తాలు విప్పి వంపారు, కర్రలతో కలిపారు. పట్టీ ముంచితే ఊదా. మళ్లీ ముంచితే కాస్త లేత. ట్యాంకరు డ్రైవరు తనకు వేరే పని ఉందన్నాడు. ఇంజినీరమ్మ తిరిగి చూసిన చూపుకు అతను బండెక్కి కూర్చున్నాడు. నాలుగో పట్టీయో అయిదోదో, ముంచి తీస్తే తెల్లగానే ఉంది. ఇంకో పట్టీ ముంచింది, నమ్మకం చాలక. అదీ తెల్లగానే ఉంది.

పంపు తిరిగింది. గొట్టంలోంచి కొత్త బురద ముద్దలు ముద్దలుగా గాలి తొట్టిలోకి దూకింది. అది బతుకుతుందా లేదా అన్నది ఇంకొన్ని రోజులకు గాని తెలియదు. కానీ ఆ క్షణానికి దాన్ని చంపేది ఏదీ తొట్టిలో లేదు.

అప్పుడు అడిగింది ఇంజినీరమ్మ, ఎందుకని. ముక్కక్క చెప్పింది. వాసన లేదని ఫిర్యాదులు, ఫిర్యాదుకో గీత, గీతలకు పోయిన మనిషి. ఆ పచ్చ సీసాను ఎంపిక చేసినవాళ్లలో ఇంజినీరమ్మ కూడా ఉంది. ఆమె తలవంచుకోలేదు, క్షమాపణలూ చెప్పలేదు. ఆ సీసా సరైందేనని ఇప్పటికీ అంటానంది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తర్వాతి మాట అంది.

"నా రిపోర్టులో మీ గురించి రాయక తప్పదు. దాచలేను."

"రాయండి."

"వాసన ఫిర్యాదులకు గీతలు పెట్టకూడదని కూడా రాస్తాను. వింటారని మాత్రం చెప్పలేను."

"నా వాళ్లు?"

"పొయ్యమన్నది మీరేనని రాతపూర్వకంగా ఇస్తే వాళ్ల జోలికి రానివ్వను. కానీ మీరు పెద్దగా ఉండడం కుదరదు. బహుశా ఉద్యోగం నిలబడుతుంది. అంతకంటే నా చేతిలో లేదు."

ముక్కక్క ఆ కాగితం అక్కడే ఇచ్చింది. సంతకం పెట్టేటప్పుడు మరిది పక్కకు తిరిగి తొట్టివైపు చూస్తూ నిలబడ్డాడు. వెళ్తూ వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు ఆ చెయ్యి కాసేపు తియ్యనివ్వలేదు.

పాత హాస్టలు మెట్ల దగ్గర పదకొండు మందీ నిలబడి ఉన్నారు. పని వేళ అయిపోయినా ఎవరూ ఇంటికి వెళ్లలేదు. కబురు ఆమె కంటే ముందే చేరిపోయింది. చీరలకు తడి, మొహాలకు భయం. పొడుగామె ముందుకొచ్చింది గాని ఏం అడగాలో తెలియక ఆగిపోయింది.

"మీకెవరికీ ఏమీ కాదు" అంది ముక్కక్క. "రేపటి నుంచి మీ పెద్ద పొడుగామె అనుకుంటా, ఇంకెవరినైనా పెట్టకపోతే. నేనూ మీతో పాటే కడుగుతా."

పొడుగామె కళ్లొత్తుకుంది. ముక్కక్క మెట్టు మీద కూలబడి మోకాళ్లు రాసుకుంది. తర్వాత తలెత్తి కొత్త పెద్దను చూసింది.

"ఏమే, నన్ను మాత్రం పై అంతస్తుకు వెయ్యకు. మెట్లెక్కలేను."